పాలలో దూడ భాగము

(గోపాష్టమి నాడు దేవస్థాన కల్యాణమండపములో చేసిన ప్రసంగపాఠము)





కార్తిక శుద్ధ అష్టమిని మనము గోపాష్టమిగా జరుపుకొనుచున్నాము. అంతవరకు దూడలను మాత్రమే కాచుచున్న బాలకృష్ణుడు ఆవులను మేపుటకు మొదటిసారి వెళ్లిన దినమిది అని పెద్దలు చెప్పుదురు. ఈ వరుసను ఒక్కసారి గమనింపుడు. మొదట దూడలు, ఆ తరువాత ఆవులు. ఈ మాటను మనస్సులో ఉంచుకొనుడు. చివరకు మరల ఇక్కడికే వత్తుము.

ఈ సంవత్సరము ట్రస్టువారు దర్శనపు వరుస దగ్గర ఒక పెట్టె ఉంచి, పాలు, పెరుగు, నెయ్యి, పశుపోషణ గురించిన సందేహములను చీటీలపై వ్రాసి వేయవలసినదిగా భక్తులను కోరినారు. వాటికి సమాధానము చెప్పమని నన్ను ఆదేశించినారు. నేను వైద్యుడను కాను, పశువైద్యుడను కాను. నలుబది ఏండ్లు పిల్లలకు సంస్కృతము చెప్పి విశ్రాంతి తీసుకొనుచున్నవాడను. అందుచేత గ్రంథములలోని మాటలను నేను చదివినంతవరకు చెప్పెదను. శరీరమునకు, పశువునకు సంబంధించిన మాటలను తెలిసిన వైద్యులను అడిగి, వ్రాసికొని వచ్చినాను.

చీటీలలో చాలవరకు ఒకే ధోరణిలో ఉన్నవి. నాకు ఏ పాలు మంచివి? నేను ఎంత త్రాగవలెను? నాకు ఏది పడును? అడుగుట తప్పు కాదు. వాటికి ముందుగా సమాధానము చెప్పి, ఆ తరువాత ఒక చిన్నపిల్ల వ్రాసిన చీటీని చదివెదను.

ఆవుపాలు మంచివా, గేదెపాలు మంచివా?

చరకసంహితలో ఎనిమిది విధముల పాలు చెప్పబడినవి. అందులో ఆవుపాలకు అగ్రస్థానము ఉన్నమాట నిజము. కాని చరకుడు గేదెపాలను నిందింపలేదు. అవి ఆవుపాలకంటె బరువైనవి, చలువచేయునవి, నిద్ర పట్టనివారికి, జఠరాగ్ని మిక్కుటముగా ఉన్నవారికి హితమైనవి అని చెప్పినాడు. నేటి లెక్కలో చెప్పవలెనన్న, ఆవుపాలలో వెన్న సుమారు 4 శాతము. గేదెపాలలో 6 నుండి 8 శాతము వరకు ఉండును. గేదె పెరుగు కత్తితో కోయునట్లు గట్టిగా తోడుకొనుటకు కారణము ఇదియే. మన తెలుగు జిల్లాలలో ఇంటింట పెరుగన్నము పెట్టినది చాలవరకు గేదెయే. దానిని తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత. బరువు, గుండెజబ్బు గలవారు వెన్న తీసిన పాలు వాడుకొనవచ్చును.

ఇక ఏ2 పాల విషయము. పాలలోని ఒక మాంసకృత్తు రెండు రూపములలో ఉండును. మన దేశవాళీ ఆవులలో చాలవాటికి ఏ2 రూపమే. గేదెలకును అదే. విదేశీ జాతులలో కొన్నింటికి ఏ1 కలియును. ఈ భేదము వలన ఆరోగ్యమునకు ఎంత లాభమో, ఎంత నష్టమో పరిశోధకులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేర్లను పొట్లములపై వేయవద్దని సలహా యిచ్చి, కొద్దిరోజులకే దానిని వెనుకకు తీసుకొన్నది. అందుచేత మూడింతల ధర పెట్టి కొన్నంత మాత్రమున రోగములు పోవునని భ్రమపడవద్దు. ఒంగోలు, పుంగనూరు జాతులను కాపాడవలెను. కాని అందుకు కారణము సీసాపై అంటించిన అక్షరము కారాదు. మన ఎండకు, మన గడ్డికి, మన నేలకు వేల యేండ్లుగా అలవాటుపడిన జాతులవి. ఒంగోలు జాతి సముద్రము దాటి బ్రెజిలు దేశమునకు పోయి, అక్కడ మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలువబడుచున్నది. పుట్టినచోట దానికి మేత కరవగుట మనకు తగునా?

పాలు కాచవలెనా? పచ్చిపాలు శ్రేష్ఠము కాదా?

కాచియే త్రాగవలెను. ఇందులో సందేహము వలదు. పచ్చిపాల ద్వారా క్షయ, బ్రుసెల్లోసిస్ వంటి వ్యాధులు పశువునుండి మనిషికి వచ్చును. ఈ బ్రుసెల్లోసిస్ వచ్చిన ఆవు చూడి నిలువక ఈసుకొనిపోవును. మనిషికి వచ్చిన వదలని జ్వరము, కీళ్లనొప్పులు. ఇంట్లో పాడి ఉన్నవారు 4 నుండి 8 నెలల వయస్సు గల పెయ్యదూడలకు ఒక్కసారి ఈ వ్యాధికి టీకా వేయింపవలెను.

పొట్లముల పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకనులు ఉంచి, వెంటనే చల్లార్చుదురు. దానినే పాశ్చరీకరణ అందురు. అట్టపెట్టె పాలు నెలలకొలది నిలువ ఉండుట చూచి, మందు కలిపినారని కొందరు వ్రాసినారు. అది మందు వలన కాదు. 135 డిగ్రీలకు పైబడిన వేడిని కొద్ది సెకనులు తగిలించి, గాలి చొరని పెట్టెలో నింపుట వలన. నీరు కలిపినారన్న అనుమానము ఉన్నచో, నున్నని పలకను ఏటవాలుగా పట్టి ఒక చుక్క వేసి చూడుడు. మంచిపాలు తెల్లని చార విడుచుచు మెల్లగా జారును. నీళ్లపాలు చార లేకుండ పరుగెత్తును.

పంచామృతము గురించి ఒక మాట. అభిషేకమునకు ఎట్టి పాలు వాడవలెనన్నది ఆయా ఆలయముల సంప్రదాయము, అర్చకులే నిర్ణేతలు. ఇంటిలో తీర్థముగా స్వీకరించునప్పుడు మాత్రము కాచి చల్లార్చిన పాలతో కలుపుకొనుడు. ఏడాది నిండని పసిబిడ్డల నోటిలో పంచామృతము వేయవద్దు. అందులో తేనె ఉన్నది. తేనెలో ఉండదగిన ఒకానొక సూక్ష్మజీవి పెద్దలను ఏమియు చేయదు, పసివాని ప్రాణము మీదికి తేగలదు. భక్తికి కన్నుల కద్దినను చాలును.

ఏడాది లోపు పిల్లలకు పాలసీసాలో ఆవుపాలు పోయవచ్చునా?

ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప మరేదియు వలదు. ఆ తరువాత మెత్తని ఆహారము మొదలుపెట్టినను, ఏడాది వరకు తల్లిపాలకు బదులుగా ఆవుపాలు పోయరాదని వైద్యులు చెప్పుచున్నారు. అందులో ఇనుము చాల తక్కువ. బిడ్డకు రక్తహీనత వచ్చును. ఆవుపాలు దూడకై పుట్టినవి. తల్లికి పాలు చాలనప్పుడు వైద్యుని అడిగి నడుచుకొనుడు.

పాలు త్రాగిన కడుపుబ్బరము వచ్చుచున్నది. నాకు పాలు పాపమా?

పాపము కాదు, దోషము కాదు. పాలలోని చక్కెరను జీర్ణము చేయు శక్తి చాలమందికి వయస్సుతోపాటు తగ్గును. అట్టివారికి పెరుగు, మజ్జిగ కొంతవరకు పడును. తోడు పడినప్పుడు ఆ చక్కెరలో కొంత పులిసిపోవును గదా. నేతిలో అది ఇంచుమించు లేనే లేదు. అయితే నేయి అనగా పూర్తిగా కొవ్వే. చెంచా అమృతము, గరిటె అనర్థము. రాత్రి పెరుగు తినరాదని చరకుడు చెప్పినాడు. పడనివారు పలుచని మజ్జిగ త్రాగుడు. మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఎంత తీసుకొనవలెనో వైద్యుడే చెప్పవలెను, నేను కాదు. కొందరికి పాలలోని మాంసకృత్తే సరిపడదు. దద్దురులు, ఆయాసము వచ్చును. వారు ప్రసాదమైనను పాలు, పెరుగు, నేయి కలిసినదేదియు ముట్టరాదు. అట్టివారిని బలవంతము చేసి పెట్టుట ప్రసాదమునకు గౌరవము కాదు.

పాలు పూర్తిగా మానివేయవచ్చునా అని ఒకరు అడిగినారు. నా మనుమరాలు విదేశములో చదువుకొనుచు మానివేసినది. మొదట నాకు కష్టము తోచినది. "తాతయ్యా, దూడ సంగతి మీరెప్పుడైనా ఆలోచించారా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానము లేకపోలేదు గాని, గొంతు పెగలలేదు. ఎందుకో ముందు చెప్పెదను. మానినవారు రాగులు, నువ్వులు, ఆకుకూరల వలన సున్నపు ధాతువు కొంత పొందగలరు. కాని బి12 అను విటమిను శాకాహారులకు ముఖ్యముగా పాల వలననే దొరకును. కావున వారు దానిని మాత్రగా వైద్యుని సలహాతో తప్పక తీసుకొనవలెను.

పాలకోసము సూదిమందు వేయుచున్నారట, నిజమేనా?

కొన్నిచోట్ల వేయుచున్నారు. ఆవు దూడను చూచినప్పుడు, దూడ పొదుగును కుమ్మినప్పుడు తల్లి శరీరములో ఒక రసము ఊరి పాలు దిగును. మన భాషలో దానికి చక్కని మాట ఉన్నది. ఆవు చేపినది అందుము. ఆ రసమునే ఆక్సిటోసిన్ అందురు. దూడ చేయవలసిన పనిని సూదితో చేయించుటయే ఈ అపచారము. పశువైద్యుడు కాన్పు సమయమున అవసరమును బట్టి వేయుట వేరు, పూటపూటకు పాలవాడు వేయుట వేరు. పశువు ఆరోగ్యమును చెరచు విధముగా పాలకోసము ఏ మందు ఎక్కించినను 1960 నాటి జంతుహింస నివారణ చట్టములోని 12వ సెక్షను ప్రకారము శిక్షార్హము. ఇక జబ్బుపడిన పశువునకు మందులు వాడినప్పుడు, వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ పాలు మనుష్యులకు పోయరాదు, దేవునికిని ఉపయోగింపరాదు.

సూది ఎందుకు అవసరమైనది? దూడ దగ్గర లేదు కనుక. ఇప్పుడు ఆ చిన్నపిల్ల చీటీ చదివెదను. పేరు వ్రాయలేదు. గుండ్రని అక్షరములు. "ఇక్కడ ఆవులున్నాయి. ఆడదూడలున్నాయి. మగదూడలు ఏవి?"

మహాశయులారా, ఈ ప్రశ్నను నన్ను మొట్టమొదట అడిగినది మా అమ్మ. అది 1971వ సంవత్సరము. నాకు ఇరువది రెండేండ్లు. కోనసీమలో మాది చిన్న అగ్రహారము. నాన్నగారు అప్పటికే కాలము చేసినారు. ఇంట నేను, అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు, గౌరి అను ఆవు. ఆ మాఘమాసములో గౌరి కోడెదూడను ఈనినది. నేను విద్యాప్రవీణ పరీక్షకు చదువుచున్నాను. రుసుము కట్టుటకు ఇంట డబ్బు లేదు. అమ్మ మా పెద్దమ్మగారింటికి పురుటికి సాయముగా వెళ్లిన సమయములో, వీధిలో పశువులు బేరమాడువాడు వచ్చినాడు. రెండు నెలల కోడెదూడను అతనికి అమ్మివేసినాను. పెయ్య అయియుండిన అమ్మకపోదునేమో. కోడె గదా, ఎటులను అమ్మవలసినదే అనుకొన్నాను.

ఆ సాయంకాలము చెంబు పుచ్చుకొని కూర్చుంటిని. పొదుగు నిండుగా ఉన్నది. గౌరి చేపలేదు. చన్ను పట్టుకొనగానే తన్నినది. అంతకుముందు ఎన్నడును తన్ని ఎరుగదు. రాత్రియంతయు పలుపు లాగుచు అరచినది. మరునాడును అరచినది. ప్రక్కింటి పెద్దాయన చూచి ఒక ఉపాయము చెప్పినాడు. చచ్చిన దూడ చర్మములో గడ్డి కుక్కి ఎదుట నిలిపిన, ఆవు దానిని నాకుచు చేపును, అట్టిది తెప్పించగలనన్నాడు. నేను సరే అన్నాను.

మూడవనాడు అమ్మ వచ్చినది. వాకిటిలోనే ఆగి గొడ్లసావిడి వంక చూచినది.

"దూడ ఏదిరా?"

"అమ్మేశానమ్మా. పరీక్షకి డబ్బు కావలసి వచ్చింది."

అమ్మ ఒక్కమాటయు అనలేదు. కాళ్లు కడుగుకొని పోయి, గౌరి గంగడోలు మీద చేయి వేసి చాలసేపు నిలబడినది. మరునాడు తన వెండిగిన్నె తెలిసినవారి చేతికిచ్చి, ఎంతయినను ఇచ్చి దూడను వెనుకకు తెమ్మని సంతకు పంపినది. అది అప్పటికే చేతులు మారినది. దొరకలేదు. ప్రక్కింటి పెద్దాయన గడ్డి కుక్కిన దూడ మాట మరల ఎత్తగా, అమ్మ చేతులు జోడించి, "వద్దు బాబూ. తల్లిని మోసంచేసి పిండిన పాలు దేవుడికెలా పెడతాను? పిల్లలకెలా పోస్తాను?" అన్నది. గౌరి వట్టిపోయినది. అది మరల ఈనువరకు, ఏడాదికి పైగా, అమ్మ పాలు గాని పెరుగు గాని మజ్జిగ గాని ముట్టలేదు. కోనసీమలో మజ్జిగన్నము లేకుండ భోజనము ముగించుట ఎట్టిదో మీలో ఆ ప్రాంతమువారికి తెలియును. నన్ను మాత్రము మానమనలేదు. చెల్లెళ్లకు, నాకు ప్రక్కింటినుండి మజ్జిగ తెచ్చి పోసినది. ఆ మజ్జిగ నాకు గొంతు దిగలేదు.

ఇప్పుడు నా సిగ్గును చెప్పవలెను. ఏ ఆవు పాలు త్రాగరాదో మనుస్మృతి అయిదవ అధ్యాయములో చెప్పబడినది. ఈని పదిదినములు గడువని ఆవు పాలు త్రాగరాదు. దూడ లేని ఆవు పాలు త్రాగరాదు. ఆ శ్లోకము నాకు అప్పటికే కంఠస్థము. పదచ్ఛేదము, ప్రతిపదార్థము, వ్యాఖ్యానముతో సహా వచ్చును. అక్షరము ముక్క రాని మా అమ్మకు ఆ శ్లోకము తెలియదు, దాని అర్థము మాత్రము తెలిసినది. శ్లోకము నా నోటిలో ఉన్నది, ధర్మము ఆమె చేతిలో ఉన్నది.

ఆ పదిదినముల నియమము ఎంత ఆలోచించి పెట్టినారో పశువైద్యుని మాట విన్న తరువాత నాకు తెలిసినది. ఈనిన వెంటనే వచ్చు జున్నుపాలలో దూడకు రోగములను అడ్డు శక్తి ఉన్నదట. పుట్టిన మొదటి కొద్ది గంటలలోనే అవి దూడ కడుపులో పడవలెను. ఒక దినము గడచిన, దూడ ప్రేగు ఆ శక్తిని రక్తములోనికి తీసుకొనలేదు. ఆ తరువాతను దూడకు దాని బరువులో పదవవంతు పాలు దినమునకు అవసరము. ఇరువది అయిదు కిలోల దూడకు రెండున్నర లీటర్లు. మనకు జున్ను మీద మక్కువ ఎక్కువ. నేనును జున్ను తిన్నవాడనే. దూడ కడుపునిండ త్రాగి, మిగిలియున్నదా అని అడిగి తెలిసికొని తినుడు; మరి పది దినములు ఆగుట ఇంకను మంచిది. పూర్వము పల్లెలలో రెండు చన్నులు పిండి, రెండు దూడకు విడుచువారు. చట్టము చెప్పినదని కాదు, కడుపు చెప్పినదని.

మనము స్వామిని భక్తవత్సలుడని పిలుచుచున్నాము. వత్సము అనగా దూడ. వత్సల అనగా దూడను ప్రేమించు ఆవు. అప్పుడే పుట్టిన దూడ ఒంటిమీది మలినమును అసహ్యపడక నాలుకతో నాకు తల్లిఆవువలె, మన దోషములను చూడక దగ్గరకు తీయువాడు గనుక ఆయనకు ఆ పేరు వచ్చినదని మా గురువుగారు చెప్పెడివారు. వాత్సల్యమను మాటయే దూడనుండి పుట్టినది. దూడను దూరము చేసి పిండిన పాలను తెచ్చి, భక్తవత్సలా స్వీకరింపుమని పోయుట ఎట్లు?

దీనికి రైతును నిందింపవలదు. ఆనాడు నాకు రుసుము భారమైనట్లే, ఈనాడు అతనికి మేత భారము. మునుపు కోడెదూడ మూడేండ్లకు కాడి మోసెడిది, బండి లాగెడిది. ఒంగోలు గిత్త ఇంటి ముందు ఉన్నదన్న ఆ ఇంటికి పిల్లనిచ్చెడివారు. ట్రాక్టరు వచ్చినది, కోడెకు పని పోయినది. చూడి కట్టించుటకును సూదితో వీర్యము వేయుచున్నారు, ఆబోతు అవసరము తగ్గినది. పాలకేంద్రము రైతునకు డబ్బు ఇచ్చునది వెన్నశాతమును బట్టి, పాల కొలతను బట్టి. దూడ త్రాగిన పాలకు ఎవరును వెల కట్టరు. 1970లో మొదలైన క్షీరవిప్లవము, వర్ఘీస్ కురియన్‌గారి కృషి వలన, రెండు మూడు పశువులున్న పేద ఇంటికి పూటపూటకు రొక్కము తెచ్చిపెట్టినది. అది చిన్న ఉపకారము కాదు. ఆ రొక్కమునే నమ్ముకొనిన తల్లి కోడెదూడను అమ్మినదన్న, ఆమెది కఠినహృదయమని నేననలేను. నేను ఆమెకంటె చదువుకొన్నవాడనై ఆ పనియే చేసితిని. నేడు నూటికి ఇంచుమించు తొంబది పెయ్యలే పుట్టునట్లు చేయు వీర్యము వచ్చినది. ప్రభుత్వము రాయితీపై ఇచ్చుచున్నది. పాడిరైతులు పశువైద్యశాలలో అడిగి తెలిసికొనుడు. అక్కరలేనిదని పారవేయుటకై ఒక ప్రాణిని పుట్టించుటకంటె అది మేలు.

అయినను పుట్టిన కోడెల మాట, వట్టిపోయిన ఆవుల మాట మిగిలియున్నది. ఇక్కడ దాతలతో నాకు పని ఉన్నది. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞము చేసి ఆవులను దానమిచ్చినాడు. అవి ఇక గడ్డి మేయలేనివి, నీరు త్రాగలేనివి, పాలు ఇవ్వలేనివి, ఈనలేనివి. చిన్నవాడైన నచికేతుడు చూచినాడు. ఇట్టి దానము చేసినవాడు ఏ లోకమునకు పోవునో అని బాధపడి, నన్ను ఎవరికి ఇచ్చెదవు అని తండ్రిని అడిగినాడు. ఉపనిషత్తు అంతయు ఆ పిల్లవాని ప్రశ్నతోనే మొదలైనది. మన పెట్టెలో చీటీ వేసినదియు ఒక చిన్నపిల్లయే.

వట్టిపోయిన ఆవును గుడి ముందు కట్టి, గోదానము చేసితిమని చేతులు దులుపుకొని పోవువారున్నారు. ఆవునకు దినమునకు 20 నుండి 30 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి, 50 లీటర్లకు తక్కువ కాని నీరు కావలెను. ఇది ఒక్క దినపు లెక్క. అది ఇంక ఎన్ని సంవత్సరములు బ్రతుకునో, అన్ని సంవత్సరములకును ఇదే లెక్క. కావున గోదానము చేయదలచినవారు ముందుగా గోశాలలో స్థలము, మేత ఉన్నవా అని అడుగుడు. ఆవును ఇచ్చుటకంటె, ఉన్న ఆవునకు ఒక సంవత్సరపు మేత ఇచ్చుట గొప్పది. అందునను పాలిచ్చు ఆవును కాదు, వట్టిపోయినదానిని గాని కోడెదూడను గాని ఎన్నుకొనుడు. పొలమున్నవారు వరి కోసిన తరువాత కొద్ది చెక్కలో జనుము, పిల్లిపెసర చల్లి, ఒక బండెడు మేత పంపిన అదియు దానమే.

యాత్రికులకు మరియొక విన్నపము. గోశాలకు వచ్చి, చేతిలోని పులిహోర, చక్కెరపొంగలి, గెలలకొలది అరటిపండ్లు ఆవుల నోటికి అందించుచున్నారు. ఆవు కడుపులోని పెద్ద అరలో కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి జీర్ణము చేయును. అది గడ్డికై ఏర్పడిన కొలిమి. అందులో ఒక్కసారిగా వండిన అన్నము, బెల్లము, పిండి ఎక్కువగా పడిన ఆమ్లము పెరిగి, నెమరు ఆగి, పశువు కూలబడును. సమయమునకు వైద్యము అందకున్న ప్రాణము పోవును. పది మంది పది గుప్పిళ్లు పెట్టినప్పుడు, నేను పెట్టినది గుప్పెడే గదా అని ప్రతివాడును అనుకొనును. ఆవు కడుపు మాత్రము ఒక్కటే. గోగ్రాసము పెట్టదలచిన పచ్చగడ్డి కట్ట తీసుకొని గోశాలవారి చేతికి ఇండు. ప్లాస్టిక్ సంచితో ఏదియు విసరవద్దు. ఆ సంచి కడుపులో ముద్దగా నిలిచిపోవును, బయటకు రాదు.

ఏ పాలు మంచివి అని చాలమంది అడిగినారు. ఇంతవరకు చెప్పినవన్నియు చెప్పి, నా సమాధానము ఒక్కటి మిగిలినది. పాలు కొనునప్పుడు, పాలవానిని గాని రైతును గాని ఒక్కమాట అడుగుడు: "దూడ బాగున్నదా?" ఎక్కడెక్కడి పాలో కలిసివచ్చు పొట్లము కొనువారికి అడుగుటకు మనిషి దొరకడు, నిజమే. వారు ఆ ప్రశ్నను తమలో అడిగికొని, నెలకొక పూట పాలఖర్చును ఒక కోడెదూడ మేతకు ఇండు. అభిషేకమునకు బిందెలకొలది పాలు తెచ్చువారు ఒక చెంబు స్వామికి పోసి, మిగిలినవాటి వెలను గోశాలకు ఇత్తుమని సంకల్పము చెప్పుకొనుడు. భక్తవత్సలుడు కాదనడు.

మా అమ్మ పోయి చాలకాలమైనది. ఆ దూడ ఏమైనదో నాకు ఈనాటికిని తెలియదు. అయిదేండ్లుగా ఆమె తిథినాడు నా పింఛనులోనుండి ఇక్కడి ఒక కోడెదూడకు మేత ఇచ్చుచున్నాను. ఇది గొప్పకై చెప్పుట లేదు. అప్పు తీర్చుచున్నాను. మగదూడలు ఏవి అని అడిగిన ఆ చిన్నతల్లి ఈ సభలో ఉన్నచో, ఉత్తరపు సావిడికి వచ్చి చూడవచ్చును. ఒకటి అక్కడ ఉన్నది. నల్లని మూతి, తెల్లని ఒళ్లు. చేయి చాచిన నాకును.

తల్లికిని దూడకును శుభమగుగాక. స్వస్తి.